చొల్లంగి దాటిన తరువాత: మడ అడవుల కథ

పుష్య బహుళ అమావాస్యను గోదావరి జిల్లాల్లో చొల్లంగి అమావాస్య అంటారు. కాకినాడకు దక్షిణాన ఉన్న చొల్లంగి దగ్గర తుల్యభాగ సముద్రంలో కలుస్తుంది. ఆనాడు అక్కడ వేలమంది స్నానాలు చేస్తారు. సప్తసాగరయాత్ర అక్కడే మొదలవుతుంది. గౌతమిని ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా సముద్రానికి తీసుకుపోయారని మన పెద్దల నమ్మకం. ఆ ఏడు సంగమాల్లోనూ స్నానం చేయడమే ఈ యాత్ర. చొల్లంగి దాటితే కోరంగి, ఆత్రేయ పాయ కడలిని చేరే తావు.

ఈ దారిన పోయే యాత్రికుల కంటికి తూర్పున ఒక ఆకుపచ్చ గీత కనబడుతూనే ఉంటుంది. ఎవరూ దానికేసి ప్రత్యేకంగా చూడరు. అది మామిడితోపు కాదు, కొబ్బరితోట కాదు. పండు లేదు, నీడన కూర్చోడానికి గట్టినేల లేదు. కాలు పెడితే మోకాటిదాకా బురద. అదే మడ. కావ్యాలలో వనవర్ణనలు లెక్కకు మిక్కిలిగా చేసిన మన కవులు కూడా ఈ అడవి గట్టున ఎక్కువసేపు ఆగినట్లు నాకు కనబడలేదు. ఈ నిరాదరణకు గురైన అడవి ఎలా చెడిందో, దానిని తిరిగి నిలబెట్టడానికి ఒక లాభాపేక్షలేని సంస్థ ఎలా పూనుకుందో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఒక నింద. ఆ నింద ఎవరిమీద పడింది, నిజానికి ఎవరిమీద పడవలసింది అన్నది.

ముందు కోరంగి సంగతి. ఒకప్పుడది పేరుమోసిన రేవు. ఓడలు కట్టడానికీ, మరమ్మతు చేయడానికీ ప్రసిద్ధి. ఇక్కడినుండి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివారు కోరంగీలని పిలిచేవారంటే, ఆ రేవు పేరు ఎంతదూరం పాకిందో ఊహించుకోవచ్చు. మన జాతికే ఒక ఊరిపేరు మారుపేరైంది. ఆ ఊరిని 1789 డిసెంబరులో తుపాను ముంచింది. సముద్రం మూడు పెద్ద అలలుగా వచ్చిపడిందని చెబుతారు. మళ్ళీ 1839 నవంబరులో మరొక ఉప్పెన. ఎంతమంది పోయారన్నదానికి పుస్తకానికొక అంకె కనిపిస్తుంది. ఊరు మాత్రం మునుపటి దశకు తిరిగి రాలేదు. తుపానుకు సైక్లోన్ అన్న ఇంగ్లీషు పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ఆ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పరిశీలించిన బంగాళాఖాతపు తుపానులలో కోరంగిని ముంచినవీ ఉన్నాయి. ఉప్పెనలు కొంత, గోదావరి తెచ్చిన ఒండ్రు కొంత కలిసి రేవును పూడ్చివేశాయి. ఓడలు కాకినాడకు తరలిపోయాయి. మడ మిగిలింది.

మడ అంటే ఒకే చెట్టు కాదు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, కళింగ - ఇలా ఎన్నో జాతులు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చినపుడు ఉప్పునీటిలో నిలబడతాయి, ఆటు తీసినపుడు బురదలో నిలబడతాయి. బురదలో గాలి ఆడదు గనుక తెల్లమడ, నల్లమడ వేళ్ళు నేలలోంచి పైకి మేకుల్లా పొడుచుకువచ్చి ఊపిరి పీలుస్తాయి. ఉప్పుపొన్న కొమ్మలనుంచీ కాండంనుంచీ ఊతకర్రల్లాంటి వేళ్ళు దించుతుంది. దాని గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి, ఈటెలా పొడుగ్గా పెరిగి, అప్పుడు బురదలో పడుతుంది. ఉప్పునీటిలో బిడ్డ బతకదేమోనని తల్లి కొంత పెంచి మరీ వదిలినట్లుంటుంది. ఆ వేళ్ళ సందుల్లోనే రొయ్యపిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు దాగి పెరుగుతాయి. సముద్రంలో వలవేసేవాడి కూడు చాలావరకు ఇక్కడే ఉడుకుతుందన్నమాట.

తిల్లచెట్టు విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదమని కట్టెలు కొట్టేవాళ్ళందరికీ తెలుసు. తమిళులు దానిని తిల్లై అంటారు. నటరాజస్వామి వెలసిన చిదంబరానికి పాతపేరు తిల్లై. ఆ కోవెల స్థలవృక్షం ఈ మడచెట్టే. ఇప్పుడు మనం కోరంగి విడిచి కొంతసేపు ఆ చిదంబరం పక్కకే పోవాలి. ఎందుకంటే గోదావరి మడకు చేసిన చికిత్సను మొదట కనిపెట్టింది అక్కడ, పిచ్చావరంలో.

పిచ్చావరం మడ వెళ్ళార్, కొళ్ళిడం నదుల ముఖద్వారాల నడుమ ఉన్న చిన్న అడవి. ఇరవయ్యో శతాబ్దం మొదటినుండి 1970ల దాకా అక్కడ అటవీశాఖ వారు కూపు పద్ధతిన కట్టె కొట్టించారు. అడవిని భాగాలుగా పంచి, ఒక్కొక్క భాగంలో చెట్లన్నిటినీ ఒకేసారి నరికి అమ్మడం, కొన్నేళ్ళకు అది తిరిగి పెరిగితే మళ్ళీ నరకడం ఈ పద్ధతి. కొండ అడవుల్లో అలవాటైన లెక్కనే బురద అడవికీ వర్తింపజేశారు. కొండమీద మోడు చిగిర్చినట్లు ఇక్కడ చిగిర్చలేదు. ఏళ్ళు గడిచినా నరికినచోట బోడినేలే మిగిలింది.

ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు అధికారుల దగ్గర సిద్ధంగా ఒక సమాధానం ఉండేది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కట్టెలు కొట్టుకుపోతారు, పశువులను తోలుతారు, అందుకే అడవి పాడైంది అని. ఇది పిచ్చావరంలోనే కాదు, మన తీరంలోనూ చాలాకాలం వినబడిన మాట. పల్లెవాళ్ళు కట్టెలు కొట్టిన మాట అబద్ధమేమీ కాదు. గోదావరి మొగల్లో మత్స్యకారుల ఇళ్ళకు పొయ్యిలోకి కట్టె, ఇంటికి వాసం, దడికి కంప మడనుండే వచ్చేవి. పశువులూ మేసేవి. అయితే ఆ ఒక్క కారణమే అడవిని చంపిందా?

ఈ ప్రశ్నను నేలను అడిగి తెలుసుకున్నవారు చెన్నైలోని ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు. 1987లో తనకు వచ్చిన మొట్టమొదటి ప్రపంచ ఆహార బహుమతి సొమ్ముతో స్వామినాథన్ 1988లో ఈ సంస్థను నెలకొల్పారు. వరి, గోధుమ వంగడాల శాస్త్రజ్ఞుడికి బురద అడవితో ఏం పని అని చాలామంది అనుకొని ఉంటారు. ఆయన ఆలోచన వేరు. సముద్రమట్టం పెరిగితే ఉప్పు పొలాల్లోకి వస్తుంది. ఉప్పులో బతకడం ఎలాగో తెలిసిన చెట్లు మడచెట్లే. వాటిని కాపాడుకుంటే తీరానికి గోడ, పైరుకు పాఠం రెండూ దొరుకుతాయి. 1990లో జపాను ఒకినావాలో అంతర్జాతీయ మడ పరిశోధకుల సంఘం ఏర్పడినపుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. తరువాతి రోజుల్లో తెల్లమడలోని ఉప్పును తట్టుకొనే జన్యువులను వరిలోకి తెచ్చే ప్రయోగాలు కూడా ఈ సంస్థలో జరిగాయి.

1990ల తొలినాళ్ళలో సంస్థ పరిశోధకులు పిచ్చావరం బోడినేలల ఎత్తుపల్లాలు కొలిచారు, మట్టిలో ఉప్పు ఎంతుందో చూశారు. తేలిన సంగతి ఇది. చెట్లన్నీ ఒకేసారి పోగానే ఎండ నేరుగా బురదను తాకింది. నీడలో ఏళ్ళ తరబడి తడిగా ఉన్న నేల ఎండి కుంగింది. నడుమ పల్లమై, చుట్టూ ఎత్తుగా, తొట్టిలాగా తయారైంది. పెద్దపోటు వచ్చినపుడు నీరు అందులోకి దూకుతుంది. ఆటు తీసినపుడు తిరిగిపోవడానికి దారిలేదు. అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పును మట్టిలో వదిలిపోతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. చివరకు మడగింజ కూడా తట్టుకోలేనంత ఉప్పు పేరుకుంది. ఉప్పులో పుట్టిన చెట్టును ఉప్పే చంపింది.

ఇంత తేలిగ్గా చెప్పగలిగిన విషయం నిజానికి ఒక తీర్పు. పల్లెవాడి గొడ్డలి కొమ్మలు కొట్టింది. నీటి నడకను ఆపినది ప్రభుత్వం వారి ప్రణాళిక. ఎన్నో ఏళ్ళుగా పల్లెలమీద మోపిన నేరంలో అధికభాగం వారిది కాదు. పునరుద్ధరణ గురించి చదివేటపుడు మనం సాధారణంగా ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కనే చూస్తాము. మొక్క నాటడానికి ముందు రోగం ఏమిటో సరిగా కనుక్కోవడం, ఆ క్రమంలో నిరపరాధిని బోనులోంచి దింపడం ఈ సంస్థ చేసిన అసలు పనిగా నాకు కనిపిస్తుంది.

రోగం తెలిశాక మందు కూడా నేలలోనే దొరికింది. సహజమైన ఏటినుండి బోడినేల నడుమకు ఒక పెద్దకాలువ తవ్వారు. దానికి ఇరుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పైనుండి చూస్తే చేపముల్లులా ఉంటుంది గనుక చేపముల్లు పద్ధతి అన్నారు. ఇప్పుడు పోటునీరు ముల్లు కొసదాకా వెళుతుంది, ఆటుతో తిరిగివస్తుంది. వచ్చిపోయే నీరు కొద్దికొద్దిగా ఉప్పును కడిగివేస్తుంది. కాలువ గట్లను నిలువుగా కాక వాలుగా తీర్చారు. ఆ వాలు నడిమి ఎత్తున మొక్కలు నాటారు. మరీ పైన నాటితే నీరందదు, మరీ కింద నాటితే మునిగి కుళ్ళిపోతుంది. మన డెల్టా రైతుకు ఇది వింతేమీ కాదు. నీరు పెట్టడం ఎంత ముఖ్యమో, మురుగు తీయడం అంత ముఖ్యమని అతనికి తెలుసు. పంటకాలువ, మురుగుకాలువ రెండూ ఒక్కటైన కాలువ ఇది, అంతే.

ఉపగ్రహ చిత్రాలతో పోల్చిచూసి, పిచ్చావరంలో పదిహేనేళ్ళ వ్యవధిలో అడవి విస్తీర్ణం తొంభై శాతం దాకా పెరిగిందని సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించారు. 2022లో పిచ్చావరం రాంసార్ చిత్తడినేలల జాబితాలోకి కూడా చేరింది.

ఇక మన తీరానికి తిరిగివద్దాం. 1990ల రెండో సగంలో ఇండియా-కెనడా పర్యావరణ నిధి సహాయంతో స్వామినాథన్ సంస్థ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా తీరాల్లో మడ పునరుద్ధరణకు పూనుకొంది. మన దగ్గర గోదావరి, కృష్ణా ముఖద్వారాలు రెండూ అందులో ఉన్నాయి. ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో రొయ్యల చెరువుల జ్వరం తీరాన్ని పట్టింది. పొలాలు, పర్రలు, మడ అంచులు చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామందిని ముంచింది. గాంధేయవాది ఎస్.జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరనియంత్రణ మండలంలో రొయ్యల చెరువులను తీసివేయమని తీర్పుచెప్పింది. దానికి నెలరోజుల ముందే, నవంబరు 6న, తుపాను కాకినాడకు దిగువన తీరం దాటి కోనసీమను చదును చేసింది. వేటకుపోయిన మత్స్యకారులెందరో తిరిగిరాలేదు. కృష్ణా వైపున 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసినవారు ఇంకా నడివయసులోనే ఉన్నారు. అలాంటి తీరానికి ఈ సంస్థవారు కాలువల పటాలు పట్టుకొని వచ్చారు.

కాలువ తవ్వడం సులువు. ఎవరి అడవిలో తవ్వాలి, ఎవరు కాపాడాలి అన్నదే చిక్కు. గోదావరి మడలో అధికభాగం 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, చేపలు పట్టే బావురుపిల్లి అక్కడ ఉంటాయి. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకతిన్నెల మీద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అది అడవిశాఖ అధీనంలోని భూమి. పల్లెవాళ్ళకు అది తాతలనాటి వేటరేవు. ఒకరికొకరు దొంగలూ, పోలీసులూ అన్నట్లుండేవారు. సంస్థ తన బలం ఇక్కడ చూపింది. తాను అధికారీ కాదు, ఊరివాడూ కాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది. మట్లపాలెం, దీనదయాళ్‌పురం వంటి పల్లెల్లో ఆడవారినీ మగవారినీ కలిపి సంఘాలు ఏర్పరచి, అడవిశాఖతో ఉమ్మడి ఒప్పందాలకు తెచ్చింది. కాలువలు తవ్వినది, మొక్కలు పెంచినది, నాటినది పల్లెవాళ్ళే. ఆ కూలి వారికే. కట్టెకు బదులేమిటి, వేట లేని రోజుల్లో బతుకేమిటి అన్న ప్రశ్నలు కూడా ఆ సంఘాల్లోనే చర్చకు వచ్చాయి. ఈ విధంగా రెండు డెల్టాలలోనూ కొన్ని వందల హెక్టార్ల బోడినేల తిరిగి పచ్చబడింది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆంధ్రతీరంలోనే నూరుమందికి పైగా మరణించారు. తమిళనాడు తీరంలో పోయినవారు వేలమంది. మడ వెనుక ఉన్న పల్లెలు తక్కువ నష్టంతో బయటపడ్డాయన్న వార్త పిచ్చావరం నుండి వచ్చింది. 2005లో కడలూరు తీరం మీద అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞుల బృందం ఒకటి సైన్స్ పత్రికలో దాన్ని సమర్థించింది. అంతటితో దేశమంతా మడకు జేజేలు కొట్టింది. అయితే ఇంకొందరు శాస్త్రజ్ఞులు 2006లో అవే ఊళ్ళ లెక్కలు తిరిగి చూసి, ఆ పల్లెలను కాపాడింది చాలావరకు సముద్రానికి వాటి దూరమూ, నేల ఎత్తూనేమోనని సందేహం వెలిబుచ్చారు. మడ ఆరోగ్యంగా ఉన్నచోట ఊళ్ళు సహజంగానే కాస్త లోపలికి ఉంటాయి కదా. నాకు ఈ సందేహం కూడా అవసరమైనదే అనిపిస్తుంది. మడ అలల వేగాన్ని తగ్గిస్తుందనడంలో వివాదం లేదు. కాని అది దేవుడిచ్చిన కోటగోడ అని నమ్మి, దాని నీడలో ఇళ్ళు కట్టుకుంటే మాత్రం మోసపోతాము.

లెక్కల విషయంలోనూ ఇంతే. దేశపు అటవీ నివేదికల ప్రకారం ఆంధ్రప్రదేశ్ మడ విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు. 2003 నివేదికలో 329. 2021 నివేదికలో 405. ఈ మూడంకెలను వరుసగా పేర్చి పడిలేచిన కథ చెప్పడం తేలిక. కాని ఈ మధ్యకాలంలో ఉపగ్రహ చిత్రాలు సూక్ష్మమయ్యాయి, కొలిచే పద్ధతి మారింది. మునుపు కంటికి ఆనని సన్నని మడ అంచులు ఇప్పుడు లెక్కకొస్తున్నాయి. కాబట్టి పెరుగుదలనంతా నాటిన మొక్కల ఖాతాలో వేయలేము. మొగల్లో కొత్త ఒండ్రుమీద తనంత తాను మొలిచిన మడ కూడా అందులో ఉంది.

మరో సంగతి. చేపముల్లు కాలువ ఒకసారి తవ్వి మరిచిపోయేది కాదు. ప్రతి పోటూ ఇంత బురద తెచ్చి అందులో వేస్తుంది. కొన్నేళ్ళకొకసారి పూడిక తీయకపోతే కాలువ మూసుకుపోతుంది. తిరిగి తొట్టి, తిరిగి ఉప్పు. పథకానికి గడువుంటుంది, పోటుకు గడువులేదు. విదేశీ నిధి ముగిసిన తరువాత పార ఎవరు పడతారన్నది ఇలాంటి ప్రతి మంచిపనికీ ఎదురయ్యే ప్రశ్న. దీనికి తోడు ఎగువనుండి వచ్చే కొరత ఒకటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుండి డెల్టాకు అన్నం దొరికింది. కాని వేసవిలో మొగలకు పోయే మంచినీరు తగ్గింది. తరువాత నదిమీద కట్టిన జలాశయాలన్నీ ఒండ్రును ఆపుకున్నాయి. ఒండ్రు రాని డెల్టాను సముద్రం కొరుక్కుతింటుంది. మడకు ఉప్పునీరెంత అవసరమో తీపినీరూ అంతే అవసరం. చొల్లంగిలో స్నానమాడేవారు కోరుకునేదీ ఆ సంగమాన్నే.

2020లో కాకినాడలో దుమ్ములపేట వైపున ఇళ్ళస్థలాల కోసం మడచెట్లను కొట్టి నేలను చదును చేయడం, అది న్యాయస్థానాలదాకా వెళ్ళడం పత్రికల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఇల్లులేని పేదవాడికి స్థలం ఇవ్వవద్దని ఎవరంటారు? కాని ఉప్పెన వచ్చినపుడు మొదట మునిగేచోట, ఉప్పెనను నెమ్మదింపజేసే చెట్లను కొట్టి, అక్కడే పేదవాణ్ణి నిలబెట్టడం ఏ న్యాయమో ఆలోచించాలి. నూరేళ్ళనాటి కూపు లెక్కలోనూ ఇదే పొరపాటుంది. మడ ఉన్న నేలను ఖాళీనేల అనుకోవడం.

స్వామినాథన్ 2023 సెప్టెంబరు 28న తన తొంభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడు భారతరత్న ప్రకటించారు. హరితవిప్లవం గురించి ఆయనను మెచ్చినవారూ ఉన్నారు, నిలదీసినవారూ ఉన్నారు. ఆ వాదాలు ఇంకా సాగుతాయి. ఆయన నాటిన సంస్థ ఈ బురదలో చేసిన చిన్నపని మాత్రం వాదాలకు అతీతంగా నిలుస్తుందనుకుంటాను. ముందు నీరు నడిచే దారిని చూడటం, తరువాత మనుషులను అడగడం, ఆ తరువాతే మొక్క నాటడం.

చివరిగా ఒక మనవి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నపుడు మడచెట్ల తెలుగు పేర్లకోసం వెదికాను. పైన రాసిన ఐదారు తప్ప తక్కినవి ఊరికొకరకంగా వినిపిస్తున్నాయి. నిఘంటువుల్లో చాలావాటికి చోటే లేదు. ఆ పేర్లు తెలిసినవాళ్ళు భైరవపాలెం, గాడిమొగ, నాగాయలంక ప్రాంతాల్లో వల భుజాన వేసుకొని తిరిగే ముసలివాళ్ళు. మీలో ఎవరికైనా ఆ ఊళ్ళతో చుట్టరికం ఉంటే, ఈసారి సెలవులకు వెళ్ళినపుడు ఏ చెట్టును ఏమంటారో, దేనికి వాడతారో వారినడిగి రాసిపెట్టండి. చెట్టును తిరిగి మొలిపించడానికి కాలువ ఉంది. పోయిన మాటను మొలిపించడానికి మనమే ఉన్నాము.